భద్రంగారి శుక్రవారాలు

మా బావ మంచివాడు. ఈ మాట నేనే ముందు చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీరెలాగూ చివర్లో అదే అంటారు. నన్ను నాలుగు తిట్టి మరీ అంటారు. తిట్టుకోండి. ముప్పైయారేళ్ళొచ్చిన ఆడదాన్ని పట్టుకుని, పదిమంది కూర్చున్న మీటింగులో "బుజ్జీ, ఆ ఫ్యానొకటి వెయ్యమ్మా" అనే మంచివాడి పక్కన పదేళ్ళు పనిచేసి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

నాకు పధ్నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాన్న అంతకు ముందే పోయాడు. అక్కా బావా నన్ను తెచ్చుకుని తమ ఇంట్లో ఉంచుకున్నారు. సొంతిల్లేం కాదు, బావ పనిచేసే పార్సిళ్ళ కంపెనీవాళ్ళు ఇచ్చిన క్వార్టర్సు. రెండు గదులు, ఒక వంటగది, వెనకాల బట్టలారేసుకునే వరండా. ముందుగదిలో కిటికీ కింద నా మంచం. నన్ను చదివించారు. చదువయ్యాక బావే పెద్దవాళ్ళకి చెప్పి తన ఆఫీసులో, తన పక్క బల్ల దగ్గరే ఉద్యోగం వేయించాడు. తర్వాత నేను రెండు వీధుల అవతల గది తీసుకున్నాను గానీ ఆదివారం భోజనం అక్క దగ్గరే. ఇవన్నీ నేను మర్చిపోతానేమోనని అందరికీ మహా బెంగ. అక్క గుర్తుచేస్తుంది, పక్కింటావిడ గుర్తుచేస్తుంది, ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ కూడా గుర్తుచేస్తాడు. బావ మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. అదే నాకు ఎక్కువ మంట.

ఇక పని సంగతి. కంపెనీకి నూట నలభై బ్రాంచీలు. ప్రతి బ్రాంచిలో గోడకో బల్ల కిందో ఒక రౌటరు ఉంటుంది. అక్కడి కంప్యూటర్లు మిగతా కంపెనీతో మాట్లాడాలంటే దాని ద్వారానే మాట్లాడాలి. ఏది ఎటు పోవాలి, ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని గుమ్మం దగ్గరే ఆపెయ్యాలి అన్నదంతా ఆ పెట్టెలో వందల లైన్లుగా రాసి ఉంటుంది. పెట్టె కాలిపోతే గంటలో కొత్తది తేవచ్చు. లైన్లు మాత్రం కొట్లో దొరకవు. పెట్టె బాగున్న రోజుల్లోనే ఎవరో ఒకరు వాటిని తీసి దాచి ఉండాలి. మా ఆఫీసులో ఆ ఎవరో ఒకరు మా బావ.

పదమూడేళ్ళుగా ప్రతి శుక్రవారం ఆయనకదే పని. పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుని మొదటి రౌటర్లోకి వెళ్తాడు. లైన్లన్నీ చూపించమని అడుగుతాడు. వచ్చినవాటిని కాపీ చేసి ఒక ఫైల్లో పెడతాడు. ఫైలుకి బ్రాంచి పేరు, తారీఖు తగిలిస్తాడు. తర్వాత రెండోది. శుక్రవారానికి డెబ్భై, రెండు శుక్రవారాలకి ఒక చుట్టు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తలెత్తకుండా చెయ్యి ఊపుతాడు. ఎవరేం పని మీద వెళ్తున్నా "భద్రం, భద్రం" అంటాడు కాబట్టి ఆఫీసులో ఆయన్ని అందరూ భద్రంగారనే పిలుస్తారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

ఆయన చదివింది పదో తరగతి, ఆపైన ఏదో ఎలక్ట్రికల్ కోర్సు. కంపెనీలో తీగలు లాగడానికి చేరి, చూసి చూసి ఇదంతా నేర్చుకున్నాడు. ఏభై నాలుగేళ్ళ మనిషికి ఈ కుర్చీ పోతే బయట ఇంకో కుర్చీ వేసేవాడు లేడు. కుర్చీతోపాటు క్వార్టర్సూ పోతుంది. ఇది ఆయనకి తెలుసు, అక్కకి తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

కిందటేడు కొత్త మేనేజరు వచ్చాడు. మెత్తగా మాట్లాడతాడు. "మీరు చెయ్యండి" అనడు, "మనం చేద్దాం" అంటాడు, చేసేది మాత్రం ఎదుటివాళ్ళే. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి, భద్రంగారు శుక్రవారాలు చేసే పని మిషనే చేసుకుంటే ఎలా ఉంటుందని అడిగాడు. బాగానే ఉంటుందన్నాను. ఒక చిన్న ప్రోగ్రాం రాస్తే చాలు, రోజూ తెల్లవారుజామున నాలుగింటికి దానంతటదే నూట నలభై రౌటర్లలోకీ వెళ్ళి తెచ్చేస్తుందన్నాను. అప్పుడాయన తలుపు దగ్గరికి వేసి, అలాగైతే మీ విభాగంలో ఇద్దరక్కర్లేదు, ఒకరు చాలు, ఆ ఒకరు ఎవరో ప్రోగ్రాం వచ్చాక మనం చూద్దాం అన్నాడు. భద్రంగారితో ఇప్పుడే ఏమీ అనొద్దని కూడా చెప్పాడు.

నేను అనలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, ఆ సామెత ఆ గదిలోంచి బయటికొస్తుంటే నాకూ గుర్తొచ్చింది. కానీ ఇద్దర్లో ఒకరన్నాక లెక్క ఎటు తిప్పినా ఒకరే మిగులుతారు. ఆ మిగిలేది ఆయనైతే నేను మళ్ళీ ముందుగదిలో కిటికీ కింద మంచం వేసుకోవాలి. అక్క మళ్ళీ పక్కింటావిడతో "పాపం, ఉంచుకున్నాం" అనాలి. నాకది చావుతో సమానం. అందుకే బావ దగ్గరికెళ్ళి, నీ శుక్రవారాల బరువు తగ్గించడానికి ఒక ప్రోగ్రాం రాస్తున్నాను, నువ్వేం చేస్తావో వరసగా చెప్పు, రాసుకుంటాను అన్నాను.

ఆయన సంబరం చూడాలి. కుర్చీ పక్కకి జరిపి నాకు చోటిచ్చాడు. పక్క బల్లవాళ్ళని పిలిచి, "చూశారా, మా బుజ్జి నా కోసం మిషన్ చేస్తోంది" అని చెప్పాడు. రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని, చంటిపిల్లకి అన్నం కలిపి పెట్టినట్టు ఒక్కో ముద్దా పెట్టాడు. ఎలా లోపలికి వెళ్ళాలి, ఏ బ్రాంచి పాతది, ఏది మాట వినదు, ఏ పెట్టె నుంచి కాస్త ఆగి జవాబొస్తుంది, అన్నీ చెప్పాడు. నా నోటుపుస్తకంలో పదకొండు అంశాలు రాసుకున్నాను.

పదకొండోది ఆయన రెండుసార్లు చెప్పాడు. "అన్నీ అయ్యాక చివరి లైను చూడాలి బుజ్జీ. ప్రతిదాంట్లో ఆఖరున ఎండ్ అని ఉంటుంది. అది కనపడకపోతే ఆ ఫైలు ఉన్నా లేనట్టే." రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను. గీస్తూ లోపల నవ్వుకున్నాను. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే మనిషి ఇంకేం చెబుతాడు అనుకున్నాను. ప్రోగ్రాం రాసేటప్పుడు పది అంశాలే పెట్టాను. ఫైలు వచ్చిందా, ఖాళీగా లేదా, చాలు. పదకొండోది ముసలి చాదస్తం అని వదిలేశాను.

ఇంకొకటుంది, అది ఆయన చెప్పలేదు. చెప్పకూడదని కాదు, చెప్పాలని ఆయనకే తెలియదు. రౌటరు తన లైన్లన్నీ ఒక్కసారిగా చూపించదు. తెర నిండగానే ఆగిపోతుంది, కింద 'ఇంకా ఉంది' అన్నట్టు ఒక ముక్క చూపించి ఎదురుచూస్తుంది. స్పేస్ మీట నొక్కితేనే తర్వాతి పేజీ. బావ ఎడమచేతి బొటనవేలు పదమూడేళ్ళుగా ఆ మీటని నొక్కుతూనే ఉంది. మాట్లాడుతున్నా నొక్కుతుంది, టీ తాగుతున్నా నొక్కుతుంది. నేను రెండు రోజులు ఆయన నోరే చూశాను, ఆ వేలు చూడలేదు.

ప్రోగ్రాం అయ్యాక మా గదిలో పరీక్షలకని ఉంచుకున్న రౌటరు మీద నడిపి చూశాను. దాంట్లో ఉన్నవే పద్దెనిమిది లైన్లు. తెర నిండేదీ లేదు, ఆగేదీ లేదు. చక్కగా వచ్చింది. మర్నాటి నుంచి నూట నలభైకీ వదిలాను. తెల్లారేసరికి మెయిలొచ్చింది: నూట నలభైకి నూట నలభై, అన్నీ విజయవంతం, పక్కనే పచ్చటి టిక్కు. మేనేజరు దాన్ని ముద్రించి నోటీసుబోర్డుకి గుచ్చాడు.

ఫైళ్ళు ఊరికే పేరుకుపోకుండా ప్రోగ్రాంలో ఒక ఏర్పాటు కూడా చేశాను. ప్రతి రౌటరుకీ తాజా కాపీలు మూడుంచు, అంతకన్నా పాతవి చెరిపెయ్యి. దాన్ని కొత్త ఫోల్డరు మీద పెట్టొచ్చు. నేను బావ ఫోల్డరు మీదే పెట్టాను. అందులో పదమూడేళ్ళ ఫైళ్ళు బ్రాంచీలవారీగా, తారీఖులవారీగా, ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. ఎందుకలా చేశావంటే, మేనేజరు పాత సరంజామా తీసెయ్యమన్నాడని చెప్పగలను. నిజం చెప్పమంటారా? ఆ ఫోల్డరు తెరిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అంత పద్ధతిగా ఉన్నది ఇంట్లో ఉన్నా ఆఫీసులో ఉన్నా నన్ను వేలెత్తి చూపిస్తున్నట్టే ఉండేది. నాలుగు రోజుల్లో అంతా ఊడ్చిపెట్టుకుపోయింది. బావ దగ్గర ఒక పెన్‌డ్రైవులో ఇంకో ప్రతి ఉండేది గానీ, బయటి డ్రైవులు వాడకూడదని అంతకు నెల ముందే మేనేజరు అందరి దగ్గరా లాక్కుని చెరిపించేశాడు.

మొదటి శుక్రవారం బావకి ఏం చెయ్యాలో తోచలేదు. తొమ్మిదింటికి అలవాటుగా కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు తెర కేసి చూశాడు. తర్వాత లేచి బీరువాలో తీగలన్నీ తీసి, చుట్టలు చుట్టి, పొడుగువారీగా సర్దాడు. రెండో శుక్రవారం వాటినే మళ్ళీ సర్దాడు. మూడో శుక్రవారం నా దగ్గరికొచ్చి, ఒకటి రెండు ఫైళ్ళు తెరిచి చూడనా అని అడిగాడు. నేను పచ్చ టిక్కుల మెయిలు చూపించి, నా పని మీద నమ్మకం లేదా బావా అన్నాను, నలుగురికీ వినపడేలా. ఆయన మొహం చిన్నబోయింది. "నీ మీద నమ్మకం లేకపోతే ఇంకెవరి మీద ఉంటుంది" అని వెళ్ళిపోయి మళ్ళీ తీగల దగ్గర కూర్చున్నాడు. ఆ పూట నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచను.

ఆరో వారం, బుధవారం పొద్దున పదింటికి పెద్ద గోడౌన్‌లో రౌటరు కాలిపోయింది. అన్ని బ్రాంచీల పార్సిళ్ళూ ఆ గోడౌన్‌కొచ్చి, అక్కడ వేరుపడి, మళ్ళీ బయల్దేరతాయి. అది ఆగితే కంపెనీ ఆగినట్టే. పదకొండింటికల్లా కొత్త పెట్టె తెచ్చి బిగించారు. లైన్లు ఎక్కించడానికి అక్కడికెళ్ళి నేను కూర్చున్నాను, వెనక మేనేజరు, ఆయన వెనక బావ, గోడౌన్ సూపర్‌వైజరు. ఫైలు తెరిచాను. ఇరవై నాలుగు లైన్లున్నాయి. అడుగున 'ఇంకా ఉంది' అన్న ముక్క ఉంది. అంతే.

ముందురోజుది తెరిచాను. ఇరవై నాలుగు. ఇంకో బ్రాంచిది తెరిచాను. ఇరవై నాలుగు. నూట నలభై పెట్టెల్లో ప్రతిదాంట్లో మొదటి పేజీ మాత్రం తెంపుకొచ్చి, ఆరు వారాలుగా రోజూ పచ్చ టిక్కు పెట్టుకుంటోంది నా ప్రోగ్రాం. పాతవన్నీ నేనే చెరిపించాను. వెనక నుంచి బావ ఒక్కమాట, అదీ తనలో తను అనుకున్నట్టు, "అయ్యో, స్పేసు కొట్టలేదు" అన్నాడు.

తర్వాత ఆయన నా భుజం తట్టి లేవమన్నాడు. నేను లేస్తే కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, కీబోర్డు దగ్గరికి లాక్కుని, మొదలుపెట్టాడు. ఆ గోడౌన్ రౌటర్లో ఆరువందల పైచిలుకు లైన్లు. పదమూడేళ్ళుగా రెండు వారాలకొకసారి కళ్ళ ముందు నుంచి పోయిన లైన్లు. వాటిని బుర్రలోంచి తీసి ఒక్కొక్కటే కొట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగుతాడు, కళ్ళు మూసుకుంటాడు, పెదవులు కదుపుతాడు, మళ్ళీ కొడతాడు. భోజనానికి లేవలేదు. బయట లారీలు బారులు తీరాయి, డ్రైవర్లు చక్రాల పక్కన కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. లోపల పార్సిళ్ళు నడుం ఎత్తు దాటాయి. సూపర్‌వైజరు పది నిమిషాలకొకసారి తొంగిచూసి పోతున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకి పార్సిళ్ళు మోసే మొదటి బెల్టు కదిలింది. అయిదున్నరకి మూడూ కదిలాయి. ఎక్కడో ఏడెనిమిది లైన్లు తేడా వచ్చాయి, వాటినీ బావే పట్టుకున్నాడు. సూపర్‌వైజరు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. నాకు సిగ్గేసింది. బావ కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది, నిజంగానే అనిపించింది. ఆ సిగ్గు మర్నాడు పొద్దున్న ఆఫీసుకొచ్చేదాకా ఉంది.

మర్నాడు ప్రోగ్రాం బాగుచేశాను. ఒక్క లైను. పేజీలవారీగా ఆగొద్దని రౌటరుకి ముందే చెప్పే ఆజ్ఞ ఒకటుంటుంది, అది పెట్టాను. ఇంకో లైనులో, చివర ఎండ్ ఉందో లేదో చూసుకోమన్నాను. మధ్యాహ్నానికల్లా నూట నలభై ఫైళ్ళూ నిండుగా వచ్చాయి. బావ బొటనవేలు, బావ కళ్ళు, రెండూ రెండు లైన్లలో ఇమిడిపోయాయి. అది చూడగానే నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు నిజంగానే ఒకరు చాలు.

మేనేజరు ఆ సాయంత్రం పిలిచాడు. బుధవారం జరిగినదాని మీద పైవాళ్ళు నివేదిక అడిగారట. ఏం జరిగిందో ఎలాగూ రాస్తాం, ఎందుకు జరిగిందో కూడా రాయాలి కదా, మనం ఒక పేరు రాయాలి అన్నాడు. చాలాసేపు నా మొహం కేసి చూశాడు. ప్రోగ్రాం రాయించింది తనే, నోటీసుబోర్డుకి గుచ్చిందీ తనే, పెన్‌డ్రైవులు చెరిపించిందీ తనే. నా పేరు రాస్తే నేను ఆయన పేరు చెబుతానని ఆయనకి తెలుసు. పిల్లికి ఎలుక సాక్ష్యం కావాలి. ఆయన అడక్కుండానే చెప్పాను: నేను రాసింది భద్రంగారు చెప్పిన వరసనిబట్టే. ఆయన చెప్పిన వరసలో స్పేసు మీట సంగతి లేదు.

అబద్ధం కాదు చూడండి. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు.

శుక్రవారం పొద్దున బావని పిలిచారు. నన్నూ ఉండమన్నారు. నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. గోడౌన్‌లో ఆయన చేసినదానికి మెచ్చుకోడానికి పిలిచారనుకున్నాడేమో, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మేనేజరు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ప్రోగ్రాం కోసం వరస చెప్పినప్పుడు, పేజీకో స్పేసు నొక్కాలని మీరు చెప్పారా?

బావ నా కేసి చూడలేదు. కాసేపు తన చేతుల కేసి చూసుకున్నాడు. "లేదండి. చెప్పలేదు. వేలు దానంతటదే కొట్టేస్తుందండి, నాకు తెలీను కూడా తెలీదు. నేను చెప్పకపోతే ఆ పిల్లకెలా తెలుస్తుంది? తప్పు నాదేనండి."

మేనేజరు నా వైపు తిరిగి, ఇంకేమైనా చేర్చాలా అని అడిగాడు. నోటుపుస్తకంలో ఆ పేజీ ఎక్కడుందో నాకు తెలుసు. పదకొండో అంశం, కింద గీత. ఆ ఒక్క అంశం పెట్టి ఉంటే మొదటి రోజే నూట నలభై ఫైళ్ళ మీదా ఎర్ర గుర్తు పడేది. ఆ పేజీ తెరిచి బల్ల మీద పెడితే చాలు, బావ కుర్చీ బావకే ఉంటుంది, క్వార్టర్సు ఉంటుంది. నేను పోతాను. నాకు ముప్పైయారే, చదువుంది, ఇంకోచోట దొరుకుతుంది. ఇదంతా నేను ఆలోచించాను. బాగానే, నింపాదిగా ఆలోచించాను. ఆలోచించి, "ఏం లేదండి" అన్నాను.

ఆయన్ని తీసెయ్యలేదు, తనంతట తనే మానుకుంటున్నట్టు కాగితం రాయించుకున్నారు. సర్వీసు చూసి దయతలిచామన్నారు. క్వార్టర్సు ఖాళీ చెయ్యడానికి నెల గడువిచ్చారు. కాగితం మీద ఎక్కడ సంతకం చెయ్యాలో ఆయనకి నేనే చూపించాను, కళ్ళద్దాలు బల్ల దగ్గర మర్చిపోయి వచ్చాడు కాబట్టి.

ఆ ఆదివారం భోజనానికి వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళకపోతే ఏదో ఉందనుకుంటారని వెళ్ళాను. ముందుగదిలో అట్టపెట్టెలు పరిచి ఉన్నాయి. అక్క గిన్నెలకి పాత కాగితాలు చుడుతోంది. నన్ను చూడగానే లేచొచ్చి కావలించుకుని ఏడ్చింది. నా కోసం ఏడుస్తోంది. మొన్నటి గొడవలో నా ఉద్యోగానికి ఎసరొచ్చేదట, త్రుటిలో తప్పిందట, బావే చెప్పాడట. ఏడుపయ్యాక మొగుడి వైపు తిరిగి, "పెట్టి పెంచినదాన్ని పట్టుకెళ్ళి దాని పీక మీదికే తెచ్చావు కదయ్యా. నోట్లో నాలుకుందిగా, ఆ ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?" అంది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని అంత మాట అనడం నేను వినలేదు.

బావ మూలనున్న స్టూలు మీద కూర్చుని తాడు చిక్కు తీస్తున్నాడు. గెడ్డం చేసుకోలేదు. రెండు రోజుల్లో మెడ దగ్గర చర్మం వదులైపోయినట్టుంది. తాడు పక్కన పెట్టి, నా దగ్గరికొచ్చి, పెద్దవాళ్ళ ముందు నిలబడ్డట్టు నిలబడి, నన్ను క్షమించు బుజ్జీ అన్నాడు. నేను పరవాలేదు బావా అన్నాను. చాలా సులువుగా వచ్చేసింది నోటికి.

అక్క వంటింట్లోకి వెళ్ళింది. బావ వెళ్ళలేదు. ఇంకా అక్కడే నిలబడి, ఏదో అడగాలని, అడగలేక, అట్టపెట్టె అంచు గిల్లుతున్నాడు. మెల్లిగా అడిగాడు.

"ఒక్క అనుమానం బుజ్జీ. రెండు రోజుల్నించీ నిద్రపట్టట్లేదు. స్పేసు సంగతంటే చెప్పలేదు, నిజమే. కానీ చివరి లైను చూడమని నీకు చెప్పాను కదూ? ఎండ్ ఉందో లేదో చూడమని? రెండుసార్లు చెప్పినట్టే గుర్తు నాకు."

దెబ్బలాటకి అడగలేదు. ఆ గొంతులో నా మీద రవ్వంత అనుమానం కూడా లేదు. తెలుసుకోవాలని అడిగాడు, అంతే. నేను "చెప్పావు బావా" అన్నా ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆఫీసుకి పరిగెత్తేవాడు కాదు. అక్కతో కూడా అనేవాడు కాదేమో. గుండె మీద చెయ్యేసుకుని ఆ రాత్రికి పడుకునేవాడు. ఆయన ఉద్యోగం తీసుకున్నాను, ఇల్లు తీసుకున్నాను, అది ఒక్కటి వెనక్కిచ్చెయ్యడానికి నాకు పైసా ఖర్చు లేదు.

"లేదు బావా. చెప్పలేదు. చెబితే రాసుకునేదాన్నిగా."

ఆయన తల ఊపాడు. ఒకసారి కాదు, చాలాసార్లు, నెమ్మదిగా. "అవును, నువ్వు అన్నీ రాసుకున్నావు" అన్నాడు. తర్వాత స్టూలు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. తాడు తీసుకున్నాడు గానీ చిక్కు తీయలేదు. వంటింట్లో ఉన్న అక్కకి వినపడేలా, వాళ్ళు నన్ను మానిపించడమే మంచిదైందిలే, నాకు బుర్ర పనిచెయ్యట్లేదు, చెప్పనిది చెప్పానని ప్రమాణం చేయమన్నా చేసేవాణ్ణి అన్నాడు. ఆరువందల లైన్లు కళ్ళు మూసుకుని కొట్టిన నాలుగో రోజు అది.

ఇప్పుడు వాళ్ళు దూరంగా, ఒకే గది ఇంట్లో ఉంటున్నారు. ఆదివారాలు నేనే వెళ్ళి చూసొస్తాను. బావ ఏ పనీ ఒక్కసారికి నమ్మడు. కుళాయి కట్టేశానా అని అడుగుతాడు, మందు వేసుకున్నానా అని అడుగుతాడు, వీధి చివరిదాకా వెళ్ళి తాళం వేశానా అని వెనక్కొస్తాడు. అక్కకి ఓపిక పోయింది, కసురుకుంటుంది. నన్నడిగితే మాత్రం నేను విసుక్కోను. "వేశావు బావా, నేను చూశాను" అంటాను. నా మాటంటే ఆయనకి గురి, వెంటనే ఊరుకుంటాడు.